నర్సమ్మ పేరు అడగడం మానేసిన రోజులు

మా ఎదురింటి నర్సమ్మకు ఒకప్పుడు ఒక జబ్బు ఉండేది. సూది వేసే ముందు పేరు అడిగే జబ్బు. మంచం మీద ఉన్నది నిన్నా ఆ మనిషే, మొన్నా ఆ మనిషే. అయినా సరే, ట్రే పక్కన పెట్టి "పెద్దమ్మా, మీ పేరు చెప్పండి" అనేది. చెప్పాక, చేతికి కట్టిన పట్టీ మీద పేరు చదివి, అప్పుడు గాని సూది ముట్టుకునేది కాదు.

మన జనాన్ని పేరు అడగడం సామాన్యమైన పనా? పేరు అడిగితే ముందు ఇంటిపేరు చెబుతారు. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో చెబుతారు. తనకు ఆ పేరు పెట్టిన నాయనమ్మ ఎంత గయ్యాళో, ఏ కోడలిని ఎలా ఏడిపించిందో చెబుతారు. నర్సమ్మ అన్నిటికీ ఊ కొడుతూ, నాయనమ్మ గయ్యాళితనం మంచి పాకాన పడ్డప్పుడు సూది గుచ్చేసేది. గుచ్చిన సంగతి తెలిసేసరికి దూది కూడా పెట్టేసి ఉండేది. అందుకే ఆమెది మంచి హస్తవాసి అని పేరు. "హస్తవాసా పాడా, అంతా మాటల్లో పెట్టడమే" అంటాడు ఆమె మొగుడు. అతను బస్సు నడుపుతాడు. డ్రైవరుతో మాట్లాడరాదని నెత్తి మీదే రాసి ఉంటుంది కనుక అతనికి ఆ విద్య అబ్బలేదు.

హస్తవాసి ఉన్న మనిషి ఎదురింట్లో ఉంటే వీధి ఊరుకుంటుందా? ఆమె డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పకముందే గేటు దగ్గర ఒకరు చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడేవారు, బీపీ చూడమని. వారి వెనక ఇంకొకరు, మనవరాలి చెవి పట్టుకుని, ఇందులో చీము ఉందో లేదో చెప్పమని. ఆ వెనకావిడకు ఏ జబ్బూ ఉండేది కాదు. ఎప్పుడైనా వస్తే ఏం చెయ్యాలో ముందే కనుక్కుని పోదామని వచ్చేది. మేమంతా ఆమెను అంత సొంతమనిషిలా చూసుకునేవాళ్ళం మరి! సొంతమనిషి అంటే ఏమిటి? నిద్రలేపి పని చెప్పినా ఏమీ అనుకోని మనిషి.

ఇది వీధి ప్రేమ. ఆసుపత్రి ప్రేమ దీన్ని తలదన్నేది.

ఆమె వార్డులో నర్సులు ఒక్కొక్కరే మానేస్తూ వచ్చారు. ఒకామె నడుం నొప్పని, ఒకామె చంటిపిల్లని, ఒకామె ఏ కారణమూ చెప్పకుండానే. వాళ్ళ చోట కొత్తవాళ్ళను పెట్టాలంటే ఖర్చు. ఉన్నవాళ్ళను పొగడడానికి ఖర్చేముంది? నర్సమ్మ డ్యూటీ దిగే వేళకు హెడ్ సిస్టర్ వచ్చి భుజం మీద చెయ్యి వేసేది. "ఈ ఒక్కసారికీ సర్దుకోమ్మా. నువ్వుంటే నాకు కొండంత ధైర్యం" అనేది. ఆ చెయ్యి భుజం మీద పడిందంటే ఇంకో డ్యూటీ మీద పడ్డట్టే. మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ "ఒక్కసారి" రాని వారం లేదు.

నర్సులు అలిసిపోతున్నారన్న కబురు మేనేజరుగారి చెవిన పడింది. దయగల మనిషి, విని ఊరుకోలేదు. ప్రతి నర్సు గుండెల మీదా పసుపుపచ్చని నవ్వుముఖం బిళ్ళ ఒకటి పెట్టించాడు. నర్సు నవ్వకపోయినా బిళ్ళ నవ్వుతుంది. అంతటితో ఆగక, అలసట పోగొట్టే తరగతి కూడా పెట్టించాడు. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చడం, వదలడం నేర్పుతారట. తరగతి సెలవురోజునే. రాకపోతే సంజాయిషీ.

"ఏం నేర్పారే?" అని అడిగాను, ఆమె తిరిగొచ్చాక.

"కళ్ళు మూసుకోమన్నారు పిన్నిగారూ, మూసుకున్నాను. ఆ తరవాతేం చెప్పారో తెలీదు. గురక పెట్టానని పక్కావిడ చెప్పింది."

"అయితే తరగతి బాగా పనిచేసినట్టేగా!" అన్నాను.

ఆమె నవ్వలేదు. బిళ్ళ నవ్వింది.

ఆ నవ్వకపోవడం నాకు నచ్చలేదు. నేను ఎంత చెత్త జోకు వేసినా మర్యాదకైనా నవ్వే పిల్ల. ఇక ఊరుకుంటానా? ఆమె మొగుణ్ణి గేటు దగ్గరే ఆపి ఆరా తీశాను.

"ఏం చెప్పను అత్తయ్యగారూ," అన్నాడు. "పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. పిల్లలు పిలిస్తే 'వస్తున్నా, ఏ మంచం?' అంటుంది. అసలు విషయం చెప్పనా? ఆ కళ్ళతో నేను డిపోకి వెళ్తే నాకు బస్సు తాళం ఇవ్వరు. పోయి పడుకోమంటారు. దీనికేమో మందుల ట్రే ఇస్తున్నారు."

ఆమెనూ అడిగాను. "పేర్లు అడుగుతున్నావా ఇంకా?"

"ఎక్కడ పిన్నిగారూ? పేరడిగితే వంశం మొత్తం చెబుతారు. వినే ఓపిక లేదు, సమయమూ లేదు. మంచం కాళ్ళ దగ్గర కాగితం ఉంటుందిగా, అది చూసి వేసేస్తున్నా. మంచానికి నాయనమ్మ ఉండదు."

ఆ మాట విని ఆరోజు నవ్వాను కూడా.

కొన్నాళ్ళకు మా ఆడపడుచుకు మోకాలి చిప్ప ఆపరేషన్ అయింది. నా మొగుడికి అక్క. నేను వదిన అని పిలుస్తాను, వీధి అంతా ఫిర్యాదుల పెట్టె అని పిలుస్తుంది. నర్సమ్మ వార్డులోనే చేర్చారు. తోడుగా నేను వెళ్ళాను. తోడు సరే, ఆసుపత్రి లోపల సంగతులన్నీ కళ్ళారా చూడొచ్చన్నది అసలు ఆశ. వదిన మొదటిరోజే మూడు నాలుగు ఫిర్యాదులు దాఖలు చేసింది. ఫ్యాను మరీ నెమ్మది, కూర మరీ చప్పన, పక్కావిడ దగ్గు మరీ సన్నం. మంచం పక్కనున్న బెల్లు నొక్కేది. నర్సమ్మ వార్డు ఆ కొస నుంచి పరుగున వచ్చేది. "ఏం లేదమ్మాయ్, మోగుతుందో లేదో చూశా" అనేది వదిన.

వదిన మంచం గోడ పక్కన. పక్క మంచం కిటికీ దగ్గర. కిటికీ దగ్గరావిడకు షుగరు, భోజనానికి ముందు ఇన్సులిన్ పడాలి. ఆవిడకు వెలుతురు కళ్ళలో పడితే తలనొప్పి. వదినకు వీధి కళ్ళబడకపోతే తలనొప్పి. ఇద్దరి తలనొప్పులకూ మందు ఒకటే కనుక, ఒకరోజు మధ్యాహ్నం భోజనాలకు ముందు ఇద్దరూ ఆయాను బతిమాలి మంచాలు మార్చుకున్నారు. దిండ్లు మారాయి, దుప్పట్లు మారాయి, నీళ్ళ సీసాలు మారాయి. మంచాల కాళ్ళ దగ్గర వేలాడే కాగితాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అవి వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న సామాను కాదుగా! నేను ఆ సమయంలో కింద గేటు దగ్గర కాపలా మనిషి పెళ్ళి ఎలా కుదిరిందో కనుక్కుంటున్నాను. పైకొచ్చేసరికి వదిన కిటికీలోంచి ఎదురు దుకాణంలో ఎవరు ఏం బేరం చేస్తున్నారో నాకు వివరించడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది నర్సమ్మ ట్రేతో. ముందురోజు ఇంట్లోంచి బయలుదేరిన మనిషి, మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. పిండి ఆరేసిన గుడ్డలా ఉంది. కిటికీ మంచం కాగితం చూసింది. "చొక్కా కాస్త ఎత్తండి" అంది. దుకాణంలో బేరం తెగే సమయం కావడంతో వదిన చూపు తిప్పకుండానే ఆసుపత్రివాళ్ళు తొడిగిన చొక్కా ఎత్తింది. సూది పడింది.

అప్పుడు తిరిగింది వదిన. "ఏమమ్మాయ్, చిప్ప మోకాల్లో ఉంటే సూది పొట్టలోనా? దారి తప్పావా?"

నర్సమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పెద్దమ్మా... మీ పేరు చెప్పండి."

చేరిన రోజు నుంచీ వదిన ఎదురుచూస్తున్న ప్రశ్న అది. "ఏ పేరు కావాలమ్మా? పుట్టింటి ఇంటిపేరా, మెట్టినింటిదా? పుట్టింటిదైతే మా తాతగారి తాత..." అంటూ సర్దుకుని కూర్చుంది. నర్సమ్మ వినడం లేదు. వదిన చెయ్యి తిప్పి పట్టీ చదివింది. ఆ ముఖంలో ఉన్న కాస్త రంగూ పోయింది. బిళ్ళ మాత్రం నవ్వుతూనే ఉంది.

ఆ క్షణాన ఆమెకు తప్ప ఎవరికీ ఏమీ తెలీదు. ఆకలికి నీరసం వచ్చిందని చెప్పి ఇంత పంచదార నీళ్ళు తాగిస్తే ఎవరు అడుగుతారు? ఆమె అలా చెప్పలేదు. డాక్టరును పిలిపించి, వార్డంతా వినేలా, "పక్కావిడకు వెయ్యాల్సిన ఇన్సులిన్ ఈవిడకు వేశాను. తప్పు నాది. గ్లూకోజు పెట్టాలి" అంది. ఆసుపత్రిలో తప్పు అనే మాట ఎవరి నోటైనా విన్నామా? కాంప్లికేషన్ అంటారు, దేవుడి దయ అంటారు. ఆయా అయితే నోరు వెళ్ళబెట్టి చూసింది.

కాసేపటికి వదినకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. దుకాణం వైపు చూసి, మసకగా ఉందంది. ఆ తరవాత ఏమీ అనలేదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ మనిషి ఏమీ అనకపోవడం నేను చూడలేదు. అప్పుడు వేసింది నాకు భయం. నర్సమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ఒకవైపు గ్లూకోజు ఎక్కుతుంటే, మాటిమాటికీ వేలు పొడిచి చక్కెర చూస్తూ, "పెద్దమ్మా, మీ తాతగారి తాత ఏం చేశారు? చెప్పండి, పడుకోకండి" అంటూనే ఉంది.

సాయంత్రానికి వదిన కళ్ళు పూర్తిగా తెరిచి, టీ చల్లారిపోయిందంది. ఆ ఫిర్యాదు విన్నాక మా ఇద్దరికీ పోయిన ప్రాణాలు లేచొచ్చాయి.

నర్సమ్మ వరండాలో నా పక్కన కూలబడింది. "ఉద్యోగం పోతే పోనీ పిన్నిగారూ. కాని ఆ హెడ్ సిస్టర్ ఇంకోసారి నా భుజం మీద చెయ్యి వేస్తే నేను ఎవరినో ఒకరిని చంపేస్తాను. మాటవరసకు కాదు. నిజంగానే" అంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరుగారు స్వయంగా వచ్చారు, వెనక హెడ్ సిస్టర్‌తో. నర్సమ్మను గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"అమ్మా, మాకు రోగే దేవుడు," అన్నాడు వదినతో. "ఈ సిస్టర్ నిర్లక్ష్యం వల్ల మీ ప్రాణం మీదికొచ్చింది. ఫిర్యాదు చేస్తున్నానని మీరు ఒక్క మాట అనండి. సాయంత్రానికి ఈమె ఇక్కడ ఉండదు."

ఫ్యాను మీద కూడా ఫిర్యాదు చేసిన మనిషిని పట్టుకుని, ఫిర్యాదు చెయ్యమంటున్నాడు!

"ఈమె పోతే నా సూదులెవరు వేస్తారు బాబూ?" అంది వదిన.

"ఇంకో సిస్టర్ సర్దుకుంటుందమ్మా."

"అంటే ఆ పిల్లకూ రెండు డ్యూటీలా?"

హెడ్ సిస్టర్ ఫ్యాను వంక చూసింది. అది నిజంగానే నెమ్మదిగా తిరుగుతోంది.

"ఫిర్యాదు ఉంది," అంది వదిన, దిండు వెనక్కి జరుపుకుని. "నాకు ఫిర్యాదు లేని రోజుందా? నిన్న నాకు సూది వేసింది ఈ పిల్ల కాదయ్యా. ఈ పిల్ల లోపల ఎప్పుడో నిద్రపోయింది. నిలబడి ఉన్న ఒంటి చేత మీరు వేయించారు. కాబట్టి ఫిర్యాదు మీ మీద. మీ పైన ఎవరున్నారో పిలవండి."

"పైవాళ్ళ దాకా ఎందుకమ్మా ఇంత చిన్న విషయం..."

"ఇందాక ప్రాణం మీదికొచ్చిందన్నావు, అప్పుడే చిన్నదైపోయిందా? సరే, పైకి వద్దు. కింద హాల్లో జనం వరసగా కూర్చుని ఉంటారుగా, వాళ్ళ పక్కన కుర్చీ వేయించు. ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెబుతా. నాకు బాగోలేనిది మోకాలే. నోరు బాగానే ఉంది."

మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. సిస్టరుకు హెచ్చరిక ఇచ్చి ఈసారికి వదిలేస్తున్నట్టు గోడకు చెప్పి వెళ్ళిపోయారు. రెండు డ్యూటీలు వేసినవాళ్ళకు ఎవరు హెచ్చరిక ఇస్తారో ఎవరూ చెప్పలేదు.

ఆయన అటు వెళ్ళగానే హెడ్ సిస్టర్ ఇటు వచ్చి, "పోనీలే, గండం గడిచింది. సాయంత్రం మాత్రం ఈ ఒక్కసారికీ..." అంటూ భుజం మీద చెయ్యి వేసింది.

నర్సమ్మ ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది, రోగి చెయ్యి పట్టుకున్నంత జాగ్రత్తగా. "లేదు సిస్టర్. ఇంటికి వెళ్ళి పడుకుంటాను."

"మరి వార్డెవరు చూస్తారు?"

"మీరు చూడండి."

ఆ సాయంత్రం వార్డు హెడ్ సిస్టరే చూసింది. బెల్లు మోగుతుందో లేదో వదిన చాలాసార్లు పరీక్షించింది.

ఆసుపత్రివాళ్ళు ఈ ఘోరం మళ్ళీ జరగకుండా గట్టి చర్యే తీసుకున్నారు. మంచాలు మార్చుకోరాదని గోడ నిండా అంటించారు. తప్పంతా మంచాలదని తేలింది మరి. చాన్నాళ్ళు నానబెట్టి, ఒక కొత్త నర్సును కూడా పెట్టుకున్నారు. కావలసినవాళ్ళు ఇంకా ఉన్నారట, అది వచ్చే ఏడు చూస్తారట. మా నర్సమ్మ మాత్రం ఒక డ్యూటీ చేసి దిగిపోతోంది, ఎవరు ముఖం మాడ్చుకున్నా సరే. వదిన కుట్లు విప్పించుకోవడానికి వెళితే మళ్ళీ పేరు అడిగిందట. వెనక జనం గొణుగుతున్నా తాతగారి తాత దాకా చెప్పనిచ్చిందట.

ఆరోజు, అంటే భుజం మీద చెయ్యి దించి వచ్చిన రోజు, ఆమె ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద వాలిపోయింది. మొగుడు పిల్లలను తీసుకుని బయటికి పోయాడు. నేను స్టూలు తెచ్చుకుని వాళ్ళ గేటు దగ్గర కూర్చున్నాను. అనుకున్నట్టే బీపీ ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటూ రానే వచ్చారు.

"ఏంటండీ అడ్డం కూర్చున్నారు? మన అమ్మాయే కదా, ఒక్కసారి లేపండి, బీపీ చూపించుకుపోతాను."

"మన అమ్మాయే. పడుకుంది."

"ఒక్క నిమిషం పనండీ."

"అయితే పేరు చెప్పండి," అన్నాను. "ఇంటిపేరుతో మొదలుపెట్టండి. నాకు తొందరేమీ లేదు."

లోపలి నుంచి గురక వినిపిస్తోంది. మేనేజరుగారి తరగతిలో నేర్చుకున్నది ఊరికే పోలేదు.