డేగిసలో దాచిన ఐర్లాండు

బతుకులో ఒక్కసారైనా పరదేశం చూడాలని ఎవరికి ఉండదు చెప్పండి! అందులో తప్పేమీ లేదు. కానీ విమానం ఎక్కాల్సిన రోజున, మొహం కూడా ఎరగని ఒక పెద్దమనిషి దినాల పందిట్లో, ఊరివాళ్ళకు కాలరు అప్పగించి నిలబడ్డ మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ మొనగాణ్ణి నేనే. కొన్నేళ్ళు గడిచాయి కాబట్టి ఇలా నవ్వుతూ చెబుతున్నాను.

నాది మేడ్చల్‌లో టెంట్‌హౌస్. శామియానాలు, కుర్చీలు, వంట సామాను అద్దెకిస్తాను. ముహూర్తాల కాలంలో మా ఆవిడ సుజాత ముఖం నేను ఫోన్లో చూడాల్సిందే. పెళ్ళయినప్పటి నుంచి ఆమె చూసిన ఊళ్ళన్నీ మా సామాను బండి వెళ్ళిన ఊళ్ళే. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, పాపం. ఒక్కటే అడిగింది. ఎవరో ఇచ్చిన క్యాలెండర్‌లో ఓ పచ్చటి గుట్ట నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే బొమ్మ ఉండేది. కింద ఐర్లాండు అని రాసుంది. ఏడాది అయిపోయినా ఆ కాగితం పారెయ్యకుండా వంటింట్లో పోపుల డబ్బా పైన గోడకి అంటించుకుంది.

"నన్ను ఒక్కపారి గీ గుట్ట మీద నిలబెట్టయ్యా. ఇగ జన్మల ఏమడగ" అంది.

నా గుండె కరిగిపోయింది. కరిగిన గుండెతో ఏ ట్రావెల్స్ వాళ్ళ దగ్గరికో పోయుంటే మర్యాదగా ఉండేది. నేను పోతానా? వెయ్యిమందికి పంక్తి భోజనాలు నడిపిన మొగోణ్ణి, నలుగురిని ఐర్లాండులో తిప్పలేనా అని ఆ పని నా నెత్తికే ఎత్తుకున్నాను. నలుగురంటే మేమిద్దరం, మా బామ్మర్ది మహేశ్, అతని భార్య. డబ్లిన్‌లో దిగడం, కారు అద్దెకు తీసుకోవడం, గాల్వే మీదుగా సుజాత గుట్ట, తర్వాత కిల్లార్నీ చెరువులు, ఆఖరున కార్క్. అక్కడి పల్లెదారులు సన్నగా ఉంటాయనీ, గొర్రెలు అడ్డం వస్తాయనీ వీడియోల్లో చూసి, మా మేడ్చల్ పక్క ఊరు రావల్కోల్ రోడ్డు మీద గొర్రెల మంద ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి మరీ కారు నడపడం సాధన చేశాను.

"బావా, ఆడ ఎట్ల నడుపుతవో ఏమో, నాకైతే బుగులైతాంది" అన్నాడు మహేశ్.

"బుగులెందుకురా? ఆడ గూడ ఎడమదిక్కే నడుపుతరు. అచ్చం మనలెక్కనే."

"మనదిక్కు ఎడమదిక్కు ఎవడు నడుపుతుండు బావా?"

వాడి మాట పట్టించుకోలేదు. అద్దెదైనా మన చేతికి కొత్త బండే కదా అని, టైర్ల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు కూడా తీసిపెట్టాను. ఆలు లేదు చూలు లేదన్నట్టు, కారు లేదు రోడ్డు లేదు, టైరు కింద నిమ్మకాయ తయారు!

ఇక్కడ అసలు చిక్కు వచ్చిపడింది. టెంట్‌హౌస్‌వాడికి తీరిక దొరికేది మూఢంలోనే. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. కానీ మూఢంలో గడప దాటి అంత దూరం ప్రయాణం కడితే మా అమ్మ ఊరుకుంటుందా?

"మూఢంల సముద్రాలు దాటుడేందిరా కొడుకా? ముందుగాల్నే మంచి గడియ చూసి ప్రస్థానం పెట్టుండ్రి" అంది.

ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మంచి గడియకు మనం బయల్దేరే వీలు లేకపోతే, మన వెంట తీసుకుపోయే వస్తువొకటి పసుపు గుడ్డలో కట్టి, ఆ గడియకు వేరేవాళ్ళ ఇంట్లో పెట్టి వస్తాం. దాంతో మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత అసలు ప్రయాణం రోజున ఆ మూట అందుకుని అటునుంచి అటే పోవాలి. మళ్ళీ ఇంటికి మాత్రం తేకూడదు.

సుజాత బుద్ధిగా ఒక చీర కట్టి మేడ్చల్‌లోనే ఉన్న వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో పెట్టింది.

"నువ్వు గూడ ఓ అంగీ పెట్టు" అంది అమ్మ.

"అంగీ లేకున్నా ఐర్లాండు పోవచ్చమ్మా. పాసుపోర్టు లేకుంటే పోలేం. బయల్దేరాల్సింది అది" అని, వీసా ముద్ర పడ్డ పాసుపోర్టు తీసి, నిమ్మకాయలతో సహా పసుపు గుడ్డలో పెట్టి, వక్కలు వేసి, మీద కుంకుమ చల్లి గట్టిగా ముడేశాను.

"మరి ఎవరింట్ల పెడతవు?" అంది సుజాత.

"పాసుపోర్టు ఒకరింట్ల పెడతమా? పోతే ఎవలు జిమ్మేదారి? శామీర్‌పేటల మన గోదాం లేదూ? గడప వేరే, తాళం మనదే!"

ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. గోదాంలో అన్నిటికంటే పెద్ద బిర్యానీ డేగిసలో ఆ మూట పెట్టి మూత వేశాను. మూఢంలో అంత పెద్ద డేగిసతో ఎవరికి పని? ఎలుక కూడా ఎక్కలేదు. మీరు కూడా నిజమే కదా అనుకుంటున్నారు, అవునా? చావు మూఢం చూసుకుని రాదని మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం. మహేశ్ కారు నడుపుతున్నాడు, వాడి పక్కన వాడి భార్య. వెనక నేను, సుజాత, మమ్మల్ని సాగనంపడానికి అమ్మ. సుజాత ఒళ్ళో ఆమె చీర మూట. దారిలో నా మూట అందుకుని సాయంత్రానికి ఎయిర్‌పోర్టు చేరాలి. గోదాం తాళం తీశాను. డేగిస ఉండే చోట గుండ్రటి దుమ్ము మరక ఒక్కటే ఉంది.

గోదాం చూసుకునే ఎల్లయ్యకు ఫోన్ చేశాను. "ఎల్లయ్యా, పెద్ద డేగిస ఏదయ్యా?"

"పొద్దుగాల దినాలకు పంపిన సేటూ, రావల్కోల్‌కు. ఏం, తక్కువ కిరాయికి ఇచ్చిన్నా?"

"మూత తీసి చూసినవా?"

"డేగిసల ఏముంటది సేటూ, చూసెతందుకు?"

కారు వెనక్కి తిప్పించాను. దారి పొడవునా సుజాత చీర మూటను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. దానికంటే నన్ను తిట్టినా బాగుండేది.

రావల్కోల్‌లో పందిరి మాదే. బంతులు లేచి జనం చేతులు కడుక్కుంటున్నారు. మా డేగిస పొయ్యి మీద నల్లగా మాడి, అన్నంతో కనబడింది.

"అన్నా, గీ డేగిసల ఒక పసుపు మూట ఉండాలె, ఏడ పెట్టిండ్రు?" అని వంటాయన్ని అడిగాను.

పందిరంతా ఒక్కసారి నావైపు తిరిగింది. పోయినాయన కొడుకు లేచి వచ్చాడు. నున్నటి గుండు, ఎర్రటి కళ్ళు.

"అది నీకెట్ల తెలుసు?" అన్నాడు.

"నేనే పెట్టిన."

అంతే! కాలరు వాడి చేతిలోకి పోయింది. "మా నాయిన గుండ్రాయి లెక్క ఉండె. ఉన్నట్టుండి పాయె. ఎండిన నిమ్మకాయలు, కుంకుమ, వక్కలు... చేతబడి చేసింది నువ్వేనా? మా నాయిన నీకేం అన్యాలం చేసిండురా?"

"అన్నా, అది చేతబడి కాదే! ఐర్లాండు కోసం పెట్టిన!"

"ఐర్లాండు మీద చేతబడి చేస్తే మా నాయిన డేగిసల పెడతవారా?"

మా అమ్మ కారు దిగి పరుగున వచ్చి, అందరికీ దండం పెట్టి, ప్రస్థానం సంగతి చెప్పకపోతే ఈ కథ మీకు ఇంకెవరో చెప్పేవాళ్ళు. పందిట్లో ఒక ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ప్రస్థానమా! ఎవరన్న గిన్నెల పెడతరా పిచ్చోడా?" అంది. కొడుకు నా కాలరు వదిలాడు.

"మరి మూటేదన్నా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ముడి సందులకెల్లి నిమ్మకాయలు, కుంకుమ కనబడంగనే, విప్పితే మాకు తగుల్తదని చేత్తోని గూడ ముట్టలే. కట్టెతోని లేపి తీస్కపోయి చెర్ల పడేసి వచ్చినం."

"మీ ఊరి చెర్లనా?"

"మా ఊరి చెర్ల ఏస్తే మా ఊరికి తగలదా? శామీర్‌పేట చెర్ల ఏసినం. మళ్ళ తేలొద్దని రాయి గూడ కట్టినం."

నా పాసుపోర్టు వచ్చిన దారినే తిరిగి వెళ్ళి, నా గోదాం పక్క చెరువులోనే మునిగింది. వాళ్ళు మంచివాళ్ళు, తినిపొమ్మన్నారు. నా ప్రస్థానం మీద ఉడికిన అన్నం నాకు దిగుతుందా?

శామీర్‌పేట చెరువు కట్ట మీద కారు ఆపించి నీళ్ళవైపు చూశాను. ఒక కొంగ నిలబడి ఉంది, అంతే. సుజాత అప్పుడు ఏడ్చింది. "నువ్వు లేకుంట నేనేం పోత? ఇంటికి పోదాం పా" అంది. ఆ మాటకు నాకు చెరువులో దూకాలనిపించింది. గోడమీది ఆ గుట్టను అన్నేళ్ళు చూసుకున్న మనిషి!

"ఏం మాటలవి బిడ్డా?" అని కసిరింది అమ్మ. "ప్రస్థానం చేతికందినంక ఇంటిమొకం తిరగొద్దు. ఎయిర్‌పోర్టుకు నడువు."

"మరి నేనమ్మా?" అన్నాను.

"నీ ప్రస్థానం ఏడికి పోయింది?"

"చెర్లకు."

"అయితే నీ ప్రయాణం గాడికే. దిగు."

దిగాను. అమ్మ కూడా దిగింది. కారు సాగిపోతుంటే సుజాత వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది. మేమిద్దరం ఆటోలో ఇంటికి వచ్చాం.

కొన్నాళ్ళకు ఫోటో వచ్చింది. ఆ పచ్చటి గుట్ట మీద సుజాత, గాలికి ఎగురుతున్న ప్రస్థానం చీరలో. కింద రాసింది: "నిలబడ్డ. నువ్వు పక్కన లేవని ఏడ్పొచ్చింది. గని ఈడ నిజంగనే ఎడమదిక్కు నడుపుతుండ్రు. నువ్వు రాకపోవుడే మంచిగైంది." తిరిగొచ్చాక క్యాలెండర్ కాగితం తీసేసి, అదే చోట శామీర్‌పేట చెరువు ముందు నిలబెట్టి తీసిన నా ఫోటో అంటించింది. ఎవరన్నా అడిగితే, మా ఆయన పోయొచ్చిన పరదేశం అని చెబుతోంది.

అందుకని, నా పాసుపోర్టు మింగిన చేపల సాక్షిగా, ఎండిన నిమ్మకాయల సాక్షిగా, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను అంగీ తప్ప మరేదీ ప్రస్థానం పెట్టను. అదీ మా అమ్మ చూపించిన ఇంట్లోనే పెడతాను.