చీటీ చదవకుండా ఆడిన డాన్సు

ఆ రోజుల్లో నా కాళ్లకు తెలిసినంత నా తలకు తెలిసేది కాదు. తలలో అక్షరం ముక్క లేదు. కాళ్లేమో మిరప కళ్లంలో పెరిగినవి. ఎండబోసిన కాయల్లో పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే అడుగుకాయ పైకొస్తుంది, పైకాయ కిందికి పోతుంది. ఆ గలగల వింటూ నడుస్తుంటే ఎర్రటి నీళ్ల మీద తేలిపోతున్నట్టుండేది నాకు. (మా అమ్మ మాత్రం "ఏమే, నిద్రలో నడుస్తున్నావా?" అని గట్టు మీంచి కేకేసేది.)

పద్దెనిమిదేళ్లప్పుడు గుంటూరులో అన్నయ్య ఇంట్లో ఉంటూ మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో చేరాను. మా వదిన జాకెట్లు కుట్టే గదికి పైన ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆడవాళ్లకు డాన్సు నేర్పడం మొదలుపెట్టారు. ఏమీ రానివాళ్లకేనట. "ఏమీ రాకపోవడంలో మనల్ని మించినవాళ్లెవరే, పద!" అని వదిన నన్ను లాక్కెళ్లింది. పేరు రాసుకుంటూ టీచరమ్మ "చదువుకున్నావా?" అన్నారు. చుట్టూ ఉన్న కాలేజీ అమ్మాయిలను చూసి, "ఐదు దాకా అండీ" అనేశాను. వదిన నా నడుం గిల్లింది. అబద్ధం బయటపడితే సిగ్గుతో మళ్లీ ఆ మెట్లెక్కలేనని నాకు తెలుసు. పొద్దస్తమానం వంగి కూర్చున్న ఒళ్లు విప్పుకోవడానికి నాకు ఆ గది తప్ప వేరే చోటు లేదు.

మొదటిరోజు గుండ్రంగా చేతులు పట్టుకుని తిరగమన్నారు. తిరిగాక నా పక్కనున్న కాలేజీ అమ్మాయి నా చెయ్యి వదిలి కళ్లు తుడుచుకుంది. అంతే, బొటబొటా నీళ్లు. (తొడిమలు తీసిన చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడిగినా ఊరుకోదు.) టీచరమ్మ మురిసిపోయి, "చూశారా, భావమంటే అదీ!" అన్నారు.

"మంటండీ, మంట!" అంది ఆ పిల్ల.

"ఆ మంటే కావాలమ్మా, వదలకు."

పది రోజులకు చీటీలు పంచారు. ఒక్కొక్కరూ తమ చీటీ చదువుకుని, తోచినట్టు ఆడాలి. అడుగులు చెప్పరు. చీటీ ఎవరికీ చూపించకూడదు. చూసేవాళ్లు అదేంటో కనిపెట్టాలి. నాకు ఏదైనా చదివిపెట్టే వదినేమో ఆ మూల కూర్చుంది. చీటీ విప్పి, అర్థమైనట్టు తలూపి, గది నడుమకు వెళ్లి కళ్లు మూసుకున్నాను. కళ్లమే కనిపించింది. పాదాలు ఈడ్చాను. భయానికి ఒళ్లు చల్లబడింది. వానకు ముందు వీచే చల్లగాలి కూడా అలాగే ఉంటుంది. తలెత్తి చూశాను. ఆ పైకప్పు కింద నిజంగానే మబ్బు పట్టినట్టనిపించింది. ఇక ఆగలేదు. వంగి రెండు చేతులా కాయను కుప్పగా తోస్తూ ఇటూ అటూ పరుగు.

"అమ్మో, కాయ తడిసిపోద్దే!" అంటూ వదిన లేచింది. ఆమె వెనక మిగతావాళ్లూ లేచారు. అందరూ మిరప ఊళ్లవాళ్లే మరి.

"కుప్ప మీద కప్పే పట్టా ఏదే? పట్టా!"

"ఏయ్, ఆ కొస పట్టు! నీకే చెప్పేది!"

టీచరమ్మ కూర్చున్న జంపఖానా లాగేసి, లేని కుప్ప మీద కప్పేశారు. టీచరమ్మ పక్కకు దొర్లారు. కాలేజీ అమ్మాయి గాలికి లేవకుండా జంపఖానా కొస మీద రాయిలా కూర్చుంది.

"వాన!" అని అరిచారంతా.

"నేను వాన అని రాయలేదే" అంటూ టీచరమ్మ లేచొచ్చి నా చీటీ చూశారు. తర్వాత నన్ను చూశారు. నా అబద్ధం పట్టుబడిపోయింది. ఆవిడ చీటీ మడిచి నా గుప్పిట్లో పెట్టి, ఎవరికీ వినబడకుండా, "దాచుకో. చదవగలిగిన రోజున ఆడుదువుగాని. రేపు కాస్త ముందే రా, ఆ పాదాలు ఈడ్చడం నాకు నేర్పాలి" అన్నారు.

ఆ రోజు రావడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. మనవరాలు పలక మీద అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. కూడబలుక్కోవడం రాగానే ట్రంకుపెట్టె అడుగున దాచిన చీటీ తీశాను. ని... ద్ర... "నిద్రపోతున్న పాప." ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. పాపను పడుకోబెట్టమంటే, వానొచ్చిందని గదంతా లేపేశాను!

ఈమధ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దుప్పటి కింద నా పాదాలు మెల్లగా కదులుతున్నాయట. "అమ్మమ్మా, నిద్రలో నడుస్తున్నావా?" అని అడుగుతుంది మనవరాలు.

"కాదే, టీచరమ్మ ఇచ్చిన చీటీ ఆడుతున్నా" అంటాను, కళ్లు తెరవకుండానే.