అవతలి ఒడ్డున విలుకాడు

మొన్న వేసవి సెలవులకి వచ్చిన మా మనవరాలు వసారాలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఏదో కథల ఆట ఆడుకుంటుంటే, కళ్లజోడు సర్దుకుని నేనూ కాసేపు చూశాను. తెర మీద ఒక అమ్మాయి ఇంకో అమ్మాయికి పూలగుత్తి ఇచ్చి, నీతో ఉండిపోనా అని అడుగుతోంది. మా పిల్ల క్షణం ఆలోచించకుండా ఉండిపొమ్మనే జవాబు నొక్కేసి, మామిడికాయ ముక్క నోట్లో వేసుకుంది. ఇద్దరూ ఆడపిల్లలే కదమ్మా అన్నాను. "ఇందులో నచ్చినవాళ్లతో ఉండొచ్చు తాతయ్యా" అంది, తల తిప్పకుండానే. ఒళ్లంతా చెమటలు పట్టే ఎండలో కూర్చున్నా, పాత సంగతొకటి గుర్తొచ్చి నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఇంటింటికీ కంప్యూటర్లు రాకముందు కొత్తపేట బస్టాండు దగ్గర మేడ మీద నేనొక ఆటల సెంటర్ నడిపేవాణ్ణి. కొబ్బరి వ్యాపారం అచ్చిరాక, మా చిన్నాన్నగారబ్బాయి పోరు పడలేక పెట్టిన సెంటర్ అది. కిటికీకి ఆనుకుని కొబ్బరితోట, వాన పట్టిందంటే మిట్టమధ్యాహ్నమే గదిలో చీకటి. వచ్చే కుర్రాళ్లంతా కార్ల పందేలూ, తుపాకుల ఆటలూ ఆడేవారు. ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చిన కథల ఆట ఒకటి మాత్రం మూల కంప్యూటర్లో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉండేది. అందులో మనం ఒక వీరుడిగా దేశాలు తిరగాలి, తోడు వచ్చేవాళ్లు ఏదైనా అడిగితే తెర మీద కనిపించే జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి.

దాన్ని ఆడినవాడు మా వదినగారి తమ్ముడు. ఆ ఏడాది వరదల్లో అతని స్నేహితుడు గోదాట్లో పోయాడు. చిన్నప్పటి నుంచీ ఒకరిని విడిచి ఒకరు ఉండనివాళ్లు. అవతలి రేవులో కలుసుకుందామనుకున్న సాయంత్రం ఇతను ఆలస్యం చేస్తే, ఇతన్ని వెతుక్కుంటూ ఆ అబ్బాయి చిన్న పడవలో తిరిగి బయల్దేరాడట. పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు. అప్పటి నుంచి ఇతను ఇంట్లో పలకడం మానేసి, భోజనం కాగానే మా మేడెక్కి ఆ మూల కుర్చీలో కూర్చునేవాడు.

ఆటలో అతనికి తోడుగా ఒక విలుకాడు ఉండేవాడు. నది కనిపించిన చోటల్లా తన వీరుణ్ణి ఒడ్డున ఆపి, కీబోర్డు మీంచి చేతులు తీసేసి ఊరుకుంటే, ఆ విలుకాడు మెల్లగా నడిచి వచ్చి పక్కన నిలబడేవాడు. ఆ తీరు చూసి మా చిన్నాన్నగారబ్బాయి ఒకసారి నా చెవిలో, ఒక కాలి మీద బరువు వేసి, అచ్చం పోయినబ్బాయిలాగే నిలబడ్డాడు చూడన్నయ్యా అన్నాడు. నేను కసిరాను. కసిరానే గానీ నాకూ అలాగే అనిపించింది.

ఒక ముసురు మధ్యాహ్నం ఆ విలుకాడు ప్రేమ సంగతి ఎత్తాడు. ఆటలో అలాంటిది ఉంటుందని మాకెవరికీ తెలియదు. కుర్రాళ్లంతా లేచి వచ్చి కుర్చీ వెనక గుంపు కట్టారు. ఒకడు పడీపడీ నవ్వాడు, ఒకడు ఛీ ఆపేయమన్నాడు, ఇంకొకడు డిస్కు పాడైపోయి ఆడదాని మాటలు మగాడికి వచ్చాయని తేల్చాడు. ఇంగ్లీషు రానివాళ్ల కోసం మా చిన్నాన్నగారబ్బాయి తెర మీది మాటల్ని వెక్కిరింపు గొంతుతో తెలుగులో చెబుతున్నాడు. వదినగారి తమ్ముడు ఎవరి వంకా చూడకుండా సరేననే జవాబు నొక్కాడు. విలుకాడు ఇంకేదో అన్నాడు. దాన్నీ మావాడు అదే గొంతుతో మొదలుపెట్టాడు. "అవతలి ఒడ్డున నీకోసం చూశాను. పొద్దు వాలేదాకా..." అక్కడితో ఆపేసి మావాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

వదినగారి తమ్ముడు తెరకేసి చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు, "ఆలస్యమైపోయిందిరా" అన్నాడు. ఇందాక నవ్వినవాడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మా చిన్నాన్నగారబ్బాయి పట్టుబట్టి అదే ఆట మొదటి నుంచి ఆడి, అవే జవాబులు నొక్కాడు. విలుకాడు వచ్చాడు, ప్రేమ సంగతీ ఎత్తాడు, ఆ మాట మాత్రం అనలేదు. మనం అంతకుముందు చేసినదాన్ని బట్టి మాటలు మారతాయని తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు. అయ్యుండొచ్చు. కొందరు ఆ మూలకి రావడం మానేశారు, డిస్కు విరిచి కాలవలో పారేయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ రోజు ఛీ అన్న కుర్రాడు మాత్రం, ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చి, ఆ విలుకాడితో అంతదాకా ఎలా వెళ్లాలండీ అని నేలకేసి చూస్తూ అడిగాడు.

కబురు పాకి మా వదినగారికి చేరింది. అప్పటికే ఆవిడ తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు. ఒక మధ్యాహ్నం ఆవిడ మెట్లెక్కి రావడం చూసి, ఇవాళ రభస తప్పదనుకున్నాను.

"రోజూ ఇదేనా మరిదిగారూ?"

"ఆయ్, ఇదేనండి" అన్నాను.

ఆవిడ స్టూలు లాక్కుని తమ్ముడి పక్కన కూర్చున్నారు. తెర మీద నది, ఒడ్డున ఇద్దరు. చాలాసేపు చూసి, "వాడేనా?" అని అడిగారు. అతను తలూపాడు. మన మాట వినపడుతుందా అంటే, తెలీదక్కా అన్నాడు. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని కొంచెం ముందుకి వంగి, "మీ అమ్మ బాగానే ఉంది నాయనా, నేను చూసుకుంటున్నాను" అన్నారు. అప్పటిదాకా నదికేసి చూస్తున్న విలుకాడు ఇటు తల తిప్పాడు. ఆటలో బొమ్మలు ఉన్నట్టుండి అలా తల తిప్పుతాయని నాకు తెలుసు. వదినగారు మాత్రం చేతులు జోడించారు.

ఆ ఇంట్లో సంబంధాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకి అతను మస్కట్ వెళ్లాడు. ఇప్పటికీ సెలవుకి వస్తే పోయినబ్బాయి తల్లిని చూశాకే తమ ఇంటి గడప తొక్కుతాడు.

ఇప్పటి పిల్లలకి అలాంటి జవాబు నొక్కడానికి గుండె దిటవు చేసుకోవాల్సిన పని లేదు, అది నాకు సంతోషమే. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి మూల వాళ్లు ఆడుకుంటారు. మా మేడ మీద మాత్రం, ఆడేవాడి వీపు మీద పదిమంది ఊపిరి తగిలేది. అందులో ఎగతాళీ ఉండేది, అసహ్యమూ ఉండేది. అయినా ఒక మనిషి దుఃఖాన్ని అందరం ఒక్కసారే విన్నాం, విని కలిసి భయపడ్డాం, కలిసే నోరు మూసుకున్నాం. అలా ఒకరి వెనక ఒకరు నిలబడడం ఈమధ్య నేనెక్కడా చూడలేదు.