‘న’ మింగిన గుండుసూదులు

కోట అనే ఊళ్ళో ముంతాజ్ బేగం కుట్టుకొట్టు ముందు నేను ఆగింది చిరిగిన జేబు కోసం. ఊళ్ళు తిరిగేవాడికి చెప్పులెంతో జేబులూ అంతే. పుస్తకాలు మోసి మోసి నా జేబులు ఏ ఊళ్ళోనూ నిలవవు. ఎన్ని రేవుల్లో ఎందరు దర్జీలను చూశానో! మంచి దర్జీ మాట్లాడడు, నోట్లో గుండుసూదులుంటాయి గనక. బేగం ఒక్కతే సూదులు పళ్ళ మధ్య బిగించి గలగలా మాట్లాడేది. నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఆ నోట్లో సూదికి తుప్పు పట్టే తీరిక కూడా లేదు.

మధ్యాహ్నాలు ఆమె మహిళల శిక్షణ కేంద్రంలో సొంత వ్యాపారం ఎట్లా చేసుకోవాలో పాఠం చెబుతుంది. కొట్లో అందరికీ ఆమె ‘ఏమే బేగం’. అక్కడ మాత్రం ‘మేడం’. ఆ ఒక్క మాట కోసం ఎండలో మైలు నడిచి పోయేది. అట్లాంటి క్లాసుకి ముప్పొచ్చింది.

“పాఠాలు రాసి ఇవ్వాలంట బేగంగారూ. లేకపోతే క్లాసు ఇంకొకరికి పోతుంది,” అన్నది కేంద్రం చూసే విజయకుమారి.

కత్తెర పట్టి పట్టి బేగం బొటనవేలు బిగుసుకుపోయింది. కలం పడితే నాలుగు వరుసలకే ప్రాణం పోతుంది. కూతురు హీనా ఫోన్లో మైకు బొమ్మ చూపించి, “నువ్వు మాట్లాడు అమ్మీ, అదే రాసుకుంటది,” అన్నది.

ఇక చూడండి! జాకెట్టు చేతులు అతుకుతూ గిరాకీ గురించి, కాజాలు కుడుతూ ధర గురించి, పేజీల మీద పేజీలు. ఒకసారి చదివి చూసుకోరాదా అన్నాను.

“నేను చెప్పిందే గదన్నా, మళ్ళా చదివేదేంది?”

ఇక్కడే ఉంది తిరకాసు. నాలుక పళ్ళకు తగిలితేగాని ‘న’ పలకదు. సూదులు తగలనివ్వవు. ‘నష్టం’ అని ఆమె అంటే ఫోను ‘ఇష్టం’ అని రాసుకున్నది. నష్టమంటే న-ఇష్టమే అని ఒక పంతులు నాతో వాదించినాడు లెండి. వ్యాకరణం ఒప్పుకోదు, ఫోను ఒప్పుకున్నది.

పాఠం అచ్చుతీసి అందరికీ పంచినారు. రెండు రోజుల తర్వాత చొక్కా కోసం పోతే బేగం క్లాసులో ఉందన్నారు. అక్కడికే పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు కుర్చీలో విజయకుమారి, తనిఖీకి వచ్చింది. బేగం సూదులు నోట్లో పెట్టుకుని లంగా అంచు మడుస్తూ పాఠం చెబుతోంది. అంతలో ఒక మనిషి కాగితం ఊపుకుంటా లోపలికొచ్చినాడు. రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే చిన్నపోలయ్య, క్లాసులో చదివే పుష్పకుమారి మొగుడు.

“ఇది రాసింది ఎవురమ్మా?” అని గట్టిగా చదివినాడు. “‘మొదటి ఆర్నెల్లలో ఇష్టం రావడం సహజం. కంగారు పడొద్దు. ఎవరివల్ల వచ్చిందో కనిపెట్టండి. వచ్చిన ఇష్టాన్ని మొగుడి దగ్గర దాచొద్దు. ఇద్దరూ పంచుకుంటే ఇష్టం తగ్గుతుంది.’ మా ఆడమనిషి నాతో సరిగా మాట్లాడి నెలైంది. అడిగితే కళ్ళనీళ్ళు. ఎవుడమ్మా వాడు?”

బేగం లేచి నిలబడింది. “అయ్యో, అది ఇష్టం కాదయ్యా, ఇష్టం!”

“అదే గదా నేనూ అడగతా ఉండేది!”

“ఇష్టం కాదంటే! ఇష్టం!”

పుష్పకుమారి ఇక ఆగలేకపోయింది. “వాడూ లేడు, వీడూ లేడు! అమ్మేదానికి పెట్టిన రొయ్యల పచ్చడి బూజు పట్టిపాయె. నష్టమయ్యా, నష్టం! చెప్తే తిడతావని చెప్పలా.”

“నష్టమా? ఉత్త నష్టమేనా?”

“జాడీలన్నీ పోయినాయి.”

“అన్నీనా? అబ్బ, సల్లటి మాట చెప్పినావే తల్లీ!” అని ఆ మనిషి బెంచీ మీద కూలబడినాడు. నష్టానికి అంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

గదంతా నవ్వు. విజయకుమారి మాత్రం నవ్వలేదు. “ఈ కాగితాన్నేనా బేగంగారూ నేను పైకి పంపేది?”

బేగం సూదులు తీసి కొంగుకు గుచ్చుకుంది. “తప్పు నాదే మేడం. కానీ నష్టం దాచొద్దని పోయిన నెల బోర్డు మీద శుభ్రంగా రాసి చెప్పినా. ఒక్కతి ఇంట్లో చెప్పిందేమో అడగండి.”

తలలన్నీ కాగితాల్లోకి వంగినాయి. ఉష అనే అమ్మాయి మెల్లగా లేచింది. “నాక్కూడా ఉంది మేడం. ఇష్టం. టిఫిను బండి మీద.” వెనక నుంచి ఇంకో గొంతు: “నాకు రెండేళ్ళుగా ఇష్టమే.”

అప్పుడు నవ్వింది విజయకుమారి. “దిద్ది ఇవ్వండి. క్లాసు మీదే. ఆ సూదులు మాత్రం నోట్లో పెట్టుకుని రాయొద్దు.”

నాలుగో రోజు చొక్కా తెచ్చుకున్నాను. నోరు ఖాళీగా పెట్టుకుని పాఠం దిద్దుతూనే కుట్టిందట. జేబు ముచ్చటగా ఉంది. చెయ్యి మాత్రం దూరలేదు. జేబు మూతి కుట్టేసింది!

“అయ్యో అన్నా! నోరు ఖాళీగా ఉంటే నాకు చెయ్యాడదు,” అని సూదులు మళ్ళీ పళ్ళ మధ్య బిగించి కుట్లు విప్పసాగింది. “మీకు ఇష్టం చేసినా, ఏమనుకోవద్దు.”

దాచొద్దని పాఠంలో ఉంది గనక ఇక్కడ చెబుతున్నాను.