అభ్యంతరం లేదని ఒక్క సంతకం

చదువుకున్న మనిషి, నలభై ఆరేళ్ళు నిండిన మనిషి, తనకు వచ్చిన పని చేసుకోవడానికి మరొకరి సంతకం కోసం వేచి ఉండవలసి రావడం అన్యాయం. ఆ సంతకాన్ని కాదనకుండా, వాయిదాలతోనే ఎగ్గొట్టడం అంతకన్నా పెద్ద అన్యాయం.

గంగాభవానిది రాజమండ్రి. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఏడాదిపాటు కాలేజీలో పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక అబూధాబీ వచ్చింది. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో కాపురం. వీసా భర్త పూచీ మీద. కూతురు లావణ్య కాస్త ఎదిగాక ఉద్యోగం చూసుకుందామనుకుంది. ఎదిగేసరికి అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వచ్చారు. కరోనాకు బడులు మూతపడినప్పుడు పక్క ఫ్లాటు పిల్లలకు గ్లాసు నీళ్ళలో చెంచా పెట్టి, ఫోనులోనే కాంతి పాఠం చెప్పింది. ఆ పిల్లల తల్లి చెప్పగా, రెండువేల ఇరవై నాలుగు మార్చిలో ముసఫ్ఫాలోని ఒక బడివారు పిలిచి, ఉద్యోగం ఖాయం చేశారు. భర్త తనకు అభ్యంతరం లేదని రాసిచ్చే ఉత్తరం మాత్రం గురువారంలోగా కావాలన్నారు.

"ఏమండీ, ఆ ఉత్తరం..."

"నేను వద్దన్నానా? లావణ్య ఎంట్రన్సు కానీ," అన్నాడు మహీధర్, ఫోనులోంచి తలెత్తకుండా.

"దాని ఎంట్రన్సుకూ మీ సంతకానికీ ఏమిటండీ సంబంధం?"

అత్తగారు అందుకున్నారు. "నువ్వు బడికెళ్తే నా కాళ్ళకు తైలం ఎవరు రాస్తారమ్మా? మావాడి ఆఫీసు ముదీర్, ఆ మేనేజరు వచ్చి రాస్తాడా?"

ఆదివారం భోజనానికొచ్చిన మిత్రులతో మహీధర్, "ఆవిడ ఉద్యోగం సంగతి నన్నడగండి. ఈ ఇంటికి కఫీల్‌ని, పూచీదారుని నేను!" అన్నాడు. అందరూ నవ్వారు. పులిహోర వడ్డిస్తూ ఆమె కూడా నవ్వింది.

అత్తగారి ఎదుట మళ్ళీ అడిగితే గొడవవుతుందని, ఉత్తరం తానే అచ్చువేయించి కారు తాళాల పక్కన పెట్టింది. అతడు దానిమీద టీ కప్పు పెట్టుకున్నాడు. గురువారం పొద్దున్నే, "వచ్చాక చూస్తాలే," అంటూ జెబెల్ అలీకి పనిమీద వెళ్ళిపోయాడు. ఆదివారం దాకా రాలేదు.

సోమవారం బడి నుంచి ఫోను వచ్చింది. "ఖలాస్ మేడమ్. వేరే ఆవిడ చేరిపోయారు."

ఆ సాయంత్రం లావణ్య పుస్తకంతో వచ్చింది. "అమ్మా, ఈ కటకాల లెక్క తెమలట్లేదు."

గంగాభవాని అత్తగారి కాళ్ళకు తైలం రాస్తోంది. తల తిప్పలేదు.

"నాన్ననడుగు," అంది. ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

మహీధర్ గారూ, వద్దనలేదన్న మాట చాటున ఇక దాక్కోకండి. మీ తల్లిగారి తైలం మీరు రాయండి. మీ కూతురి ఎంట్రన్సుకు మీరు మేలుకోండి. వచ్చే ఏడాది ఏప్రిల్‌లో బడులు తెరిచేలోగా, ఆమె అడగకముందే, ఆ ఉత్తరం రాసి ఆమె చేతికివ్వండి.