శిరీషక్క చదివిన చివరి బొమ్మల కథ

నిన్న పొద్దున బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో ట్రైన్ కోసం నిలబడి ఉండగా మహేశ్ బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క పోయింది లతా" అన్నారు.

ట్రైన్ వచ్చింది. వెళ్లిపోయింది.

ఏడాదిగా తెలుసు, ఈ ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని. తెలిస్తే మాత్రం ఏం లాభం. ఈ కబురు ముందుగా ఎవరికి చెప్పాలా అనుకుంటే గుర్తొచ్చింది అక్కే.

శిరీషక్క నాకు తోడబుట్టింది కాదు. పెళ్లై సిడ్నీ వచ్చిన కొత్తల్లో వెస్ట్‌మీడ్‌లో మా ఎదురు ఫ్లాట్. ఆవిడది వరంగల్, మాది భీమవరం. బెల్లం వేసిన మా పులుసు రుచి చూసి, "ఇది పులుసా, పాయసమా?" అని మొదటి రోజే తిట్టిన మనిషి. ఆ రోజు నుంచీ నాకు అక్క.

ఆవిడ వంట గురించీ, ల్యాబ్‌లో ఉద్యోగం గురించీ ఇక్కడ రాయను. అవి మీ అందరికీ తెలుసు. ఒక పిల్లల పుస్తకం గురించి రాస్తాను.

వాళ్లమ్మాయి నిత్య ఎనిమిదేళ్ల వయసులో స్కూల్ లైబ్రరీ నుంచి ఒక గ్రాఫిక్ నావెల్ తెచ్చుకుంది. పేజీ నిండా బొమ్మలు చూసి అక్కకి ఒళ్లు మండింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, పిల్ల మూడో క్లాసుకి రాగానే ఎంట్రన్స్ రాసి చేరే సెలెక్టివ్ స్కూల్ కోచింగ్‌ల ఎంక్వైరీలు మొదలు. "ఈ బొమ్మలు చూసుకుంట కూసుంటే ఇంగ్లిష్ వస్తదా?" అని పుస్తకం వాపస్ ఇప్పించింది. అక్షరాలున్న పుస్తకం ఇవ్వమని టీచర్‌కి మెయిల్ కూడా కొట్టింది.

ముందు మీరొకసారి చదివి చూడండి అని టీచర్ మర్యాదగా జవాబిచ్చి, ఆ పుస్తకమే మళ్లీ పంపింది.

తప్పులు పట్టడానికే అక్క చదవడం మొదలుపెట్టింది. స్టవ్ మీద అట్టు మాడింది. స్మోక్ అలారం మోగేదాకా తల ఎత్తలేదు.

రెండో భాగం కోసం లైబ్రరీలో పేరు రాయించుకుంది నిత్య కాదు, అక్క.

ఆ కథలో ఒక తల్లి గాలుల్ని కట్టేయడానికి పొగమంచు అవతలికి వెళ్లి తిరిగి రాదు. ఆమెను వెతుక్కుంటూ కూతురు ఒక ముసలి తాబేలు మీద సముద్రం దాటుతుంది. రోజూ పడుకునే ముందు తల్లీకూతుళ్లు ఒకే దుప్పట్లో దూరి చదువుకునేవాళ్లు. ఇంగ్లిష్ మాటల్ని అక్క అప్పటికప్పుడు తెలుగులోకి మార్చేసేది. తాబేలైతే అచ్చం హన్మకొండ తాత. "జర ఆగుండ్రి, కాళ్లు గుంజుతున్నయ్" అనేది. ఏం అడిగినా ఇంగ్లిష్‌లోనే బదులిచ్చే నిత్య, ఆ తాబేలుతో మాత్రం తెలుగులో పోట్లాడేది.

"నిత్య ఆ పిల్ల ఎంట పోతది లతా. నాకేమో ఆ తల్లిదే రంది. బిడ్డను ఇడిసిపెట్టి ఎట్ల ఉంటున్నదో" అని ఒకసారి నాతో అంది. నేను నవ్వేశాను. పిల్లల పుస్తకానికి ఇంత బాధేంటక్కా అన్నాను.

తర్వాత జబ్బు బయటపడింది. ఆఖరి భాగం వచ్చేసరికి అక్కకి మెట్లు దిగడం కూడా కష్టమైపోయింది.

నన్ను పిలిచి పుస్తకం చేతిలో పెట్టింది.

"నువ్వు ముందు చదివి చెప్పు. ఆ తల్లి ఇంటికొస్తదా, రాదా? రాకపోతే నేను నిత్యకు చదవను. వాపస్ ఇచ్చేస్త."

ఆఫీస్‌కి వెళ్తూ ట్రైన్‌లో చదివాను. పక్క సీట్లో పెద్దాయన ఏమీ అడక్కుండా టిష్యూ ఇచ్చాడు.

తల్లి రాదు. కూతురు ఆమెను కలుసుకుంటుంది, ఇద్దరూ ఒక పూట కలిసి తింటారు, అంతే. గాలుల్ని పట్టుకున్న చెయ్యి ఆమె వదిలితే ఊళ్లు కొట్టుకుపోతాయి. అక్కడే ఉండిపోతుంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. పుస్తకం ట్రైన్‌లో మర్చిపోయానన్నా సరిపోయేది. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే, పెరట్లో ఎండకి కుర్చీ వేసుకుని, ఒళ్లో దుప్పటితో ఎదురుచూస్తోంది. ఆ ముఖం చూశాక అబద్ధం నోటికి రాలేదు. రాదక్కా అని చెప్పేశాను.

ఒళ్లో దుప్పటి అంచు మడత పెట్టింది. పక్కింట్లో ఎవరో లాన్ కోస్తున్నారు.

"బిడ్డ ఇల్లు చేరిందా?"

"చేరింది."

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"నాన్న ఉన్నాడక్కా. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు."

"అయితే చదువుత" అంది.

చదివింది. రోజూ కొంచెం కొంచెం. గొంతు పెగలని రోజుల్లో బావగారు మంచినీళ్ల గ్లాసుతో పక్కనే కూర్చునేవారట. ఆఖరి పేజీ అయ్యాక నాకు ఫోన్ చేసింది. నిత్య కళ్లు ఇంత చేసుకుని విన్నదని, ఏమైతదో అస్సలు ఊహించలేదని, ఏడ్చినా నిమ్మళంగానే పడుకుందని చెప్పింది. ఆ గొంతులో అంత మురిపెం విని చాలా రోజులైంది. ఆ ఫోన్ కాల్ ఇంకొక్కసారి వస్తే బాగుండు. ఏదో ఒకటి, పులుసు గురించైనా సరే.

నిన్న సాయంత్రం వాళ్లిల్లంతా జనం. నిత్య తన గదిలో మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ పుస్తకం చివర నాకూ ఏడుపొచ్చింది నిత్యా అన్నాను.

చాలా మామూలుగా, తన ఇంగ్లిష్‌లోనే చెప్పింది. ఆ భాగం స్కూల్లో ముందే చదివేసిందట, అమ్మ ఇంట్లో మొదలుపెట్టకముందే. అమ్మ అంత కష్టపడి చదువుతోంది కదా అని ఏమీ తెలియనట్టే విన్నదట.

"డోంట్ టెల్ మమ్, ఆంటీ" అంది.

అనేసి, నా ముఖం చూసి ఆగిపోయింది.

దగ్గరికి తీసుకున్నాను. చెప్పనన్నాను.

వెళ్లిరా అక్కా. నొప్పి లేని చోట, కంటినిండా నిద్రపో.