పంటు మీద ఎంచిన హెడ్‌సెట్

మామయ్య పోయాడన్న కబురు నాకు ఆయన ఎంచిపెట్టిన హెడ్‌సెట్‌లోనే వచ్చింది. అప్పుడే విమానం దించి షెడ్డు ముందు నిలబెట్టాను. ఆర్పేసే ముందు ఇంజనుని ఒక నిమిషం నెమ్మదిగా తిరగనిస్తున్నాను. ఫోన్ మోగింది. అత్తయ్య. "అమ్మా, మీ మామయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. అన్నం తిని పడుకున్నారు. ఇంక లేవలేదు," అంది. ఎదురుగా ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది, కానీ ఆ హోరంతా హెడ్‌సెట్ మింగేసింది. అత్తయ్య ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఫ్లయింగ్ క్లబ్బువాళ్ళ పాత హెడ్‌సెట్ అయ్యుంటే "ఏంటత్తయ్యా, వినబడలేదు" అని ఆయన్ని ఇంకో రెండు క్షణాలు బతికించుకునేదాన్ని.

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి కిటికీ వెయ్యడానికి, ఒకసారి ఊరికే. నా తీరే అంత. ఆయన ఉంటే "కుదురుగా కూర్చో అమ్మాయ్, పంటు ఊగిపోతోంది" అనేవాడు. ఇంట్లో కుర్చీలో ఉన్నా అదే మాట అనేవాడు.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. నరసాపురం రేవులో పంటు నడిపే సరంగు. మనుషులనీ, మోటారు సైకిళ్ళనీ, కొబ్బరికాయల బస్తాలనీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి మీద ఇటు నరసాపురానికీ అటు సఖినేటిపల్లికీ తిరిగే డీజిల్ ఇంజను పడవ అది. ముప్పై ఏళ్ళకి పైగా ఆయన ఆ నది దాటుతూనే ఉన్నాడు. నేను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. నలభై దాటాక బుద్ధి పుట్టి విమానం నడపడం నేర్చుకున్నాను. ఉద్యోగానికి కాదు, నా సరదాకి. లైసెన్సు వచ్చాక సెలవు దొరికినప్పుడల్లా వేరే ఊళ్ళో ఉన్న ఫ్లయింగ్ క్లబ్బుకి పోయి వాళ్ళ చిన్న విమానం కాసేపు తిప్పి వస్తుంటాను. ఈ సంగతి చెప్పినప్పుడు చుట్టాలందరూ ఎందుకని అడిగారు. మామయ్య ఒక్కడే ఇంజను ఎటు పక్కన ఉంటుందని అడిగాడు. ముందు ఉంటుందన్నాను.

"అయితే నీకు రెండు చెవులూ పోతాయి," అన్నాడు.

పంటులో ఇంజను ఆయనకి ఎడమ పక్కన ఉండేది. ఎడమ చెవి పూర్తిగా పోయి చాలా ఏళ్ళయింది. కుడిది సగం పనిచేసేది. అందరూ పోరి కొనిపించిన చెవి మిషను బీరువాలో డబ్బాలోనే ఉండిపోయింది. అది పెట్టుకుంటే మనుషుల మాటకంటే ముందు ఇంజనే రెండింతలు వినబడుతోందని ఆయన గొడవ. అందుకని పంటు మీద ఎవరేం చెప్పినా తలూపేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది, చర్చికీ వెళ్ళింది. తన ప్రసంగాన్ని అంత శ్రద్ధగా వినే మనిషి సంఘంలో ఇంకొకరు లేరని పాస్టరుగారు మెచ్చుకునేవారు. అత్తయ్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

నా చెవులు పాడవుతున్నాయని మొదట కనిపెట్టింది ఆయనే. ఒక ఆదివారం వాళ్ళింట్లో చేపల పులుసుతో అన్నం తింటూ అత్తయ్య అడిగినదానికి మూడుసార్లు "ఆఁ?" అన్నాను. మూడోసారి మెడ తిప్పి కుడి చెవి అటు పెట్టాను. మామయ్య ముద్ద పళ్ళెంలో వదిలేసి నా వంక చూశాడు. ఎన్నాళ్ళ నుంచని అడిగాడు. ఏం లేదు, జలుబన్నాను.

"అబద్ధం చెప్పకు. ఆ మెడ తిప్పడం నాది," అన్నాడు.

చెప్పక తప్పింది కాదు. క్లబ్బువాళ్ళ హెడ్‌సెట్ వదులైపోయింది, చెవి మెత్తలు చిరిగిపోయాయి, ఎగిరి వచ్చాక రెండు రోజులు చెవుల్లో గుయ్‌మని మోత. సొంతది కొనుక్కోవాలి, చూస్తున్నాను అన్నాను. ఆ 'చూస్తున్నాను' అప్పటికి నాలుగు నెలల పాతది. చీరల కొట్లో కూడా నేనింతే, బీరువా అంతా కిందికి దింపించి ఉత్త చేతులతో వస్తాను. హెడ్‌సెట్ల కోసం బరువు, బ్యాటరీ, మైకు, వారంటీ అని గడులు గీసి పట్టిక వేసుకున్నాను. వీడియోలన్నీ చూశాను. రోజుకో గడి పెరుగుతోంది తప్ప తేలడం లేదు. అదంతా విని ఆయన చెయ్యి కడుక్కొచ్చాడు. చెవి అరిగిపోతే ఎవరూ కొత్తది పోసివ్వరమ్మాయ్, ఆ సామాను పట్టుకురా, పంటు మీద పెట్టి చూద్దాం అన్నాడు.

క్లబ్బులో స్నేహితుల దగ్గర మూడు అడిగి తెచ్చాను. మొదటిది బ్యాటరీ లేని రకం. చెవుల్ని మెత్తలతో గట్టిగా నొక్కి పట్టి చప్పుడు రానివ్వదు, అంతే. మిగతా రెండూ నాయిస్ క్యాన్సిలింగ్ రకం. లోపలున్న చిన్న మైకు బయటి హోరును పసిగడితే, హెడ్‌సెట్ దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి చంపుకునేట్టు చేస్తుంది. వాటిలో ఒకటి చెవుల్ని మూసే డిప్పలది. ఇంకోటి చెవిలో దూర్చుకునేది, తల మీద బరువే తెలియదు. నా మనసంతా ఆ తేలికదాని మీదే ఉంది.

ఒక్కోదానికి ఒక రాక, ఒక పోక అని ఆయన లెక్క పెట్టాడు. గట్టిది పెట్టుకుని సఖినేటిపల్లి వెళ్ళి వచ్చేసరికి కళ్ళజోడు కాడలు కణతల్లో దిగిపోయాయి. ఆయన నా కళ్ళజోడు తీసి ఆ ఎర్రటి గాడి వేలితో తడిమి చూశాడు. దీంతో రెండు గంటలుంటే ఎప్పుడు తీసేద్దామా అన్న ధ్యాస తప్ప ఇంకేమీ ఉండదని పక్కన పెట్టేశాడు. తేలికది హాయిగానే ఉంది. సగం నదిలో ఆయన సైగ చేశాడు, ఒక చెయ్యి కమ్మీ మీదే ఉంచి రెండో చేత్తో అది తీసి మళ్ళీ పెట్టుకోమని. ఎంత తంటాలు పడ్డా చెవిలో కుదరలేదు. జారిపోయి ఎవరిదో మోటారు సైకిల్ కింద పడింది. గాల్లో పడితే ఎవరు వంగి తీస్తారని అడిగాడు.

మిగిలింది డిప్పలది. కళ్ళజోడు మీద కూడా మెత్తగా కూర్చుంది. మీట నొక్కగానే ఇంజను హోరు ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. ఫోన్‌తో కలుపుకునే ఏర్పాటు కూడా ఉంది దానికి. ఉన్నాక ఊరుకుంటానా? పాట పెట్టుకున్నాను. నది మీద ఎండ, కొంగలు, చెవుల్లో పాట. ఎప్పుడూ కాలు ఊపుతూ ఉండే నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. చూస్తే మామయ్య. పంటు నదిలో దాదాపు నిలబడిపోయి ఉంది. జనమంతా మా వంకే చూస్తున్నారు. ఆయన కావాలనే ఇంజను తగ్గించాడు.

హెడ్‌సెట్ తీయించి, ఇంజను చప్పుడు మారి ఎంతసేపైందని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన కోపం చూడడం నాకు అదే మొదటిసారి.

"వినికిడి పోగొట్టుకున్నోణ్ణి నేను. నువ్వు ఉండి కూడా వినట్లేదు."

పాట ఆపి మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి శ్రద్ధ పెడితే తెలిసింది. పెద్ద హోరు పోయినా ఇంజను పూర్తిగా పోలేదు. సన్నగా ఒక చప్పుడు ఉంది, కూర్చున్న బల్లలో ఒక వణుకు ఉంది. ఆయన వేగం తగ్గించిన వెంటనే చెయ్యెత్తాను. పెంచినప్పుడూ ఎత్తాను. అలా నాలుగైదుసార్లయ్యాక బ్యాటరీ తీసెయ్యమన్నాడు. హోరు తిరిగొచ్చింది, కానీ సగమే. బ్యాటరీ చచ్చినా చెవిని కొంత కాస్తుంది, కొనుక్కో అన్నాడు. గాల్లో పాటలు పెట్టనని, చక్రాలు నేల మీద ఉంటే తప్ప ఫోన్ ఎత్తనని నా చేత మాట తీసుకున్నాడు. నాలుగు నెలల పట్టిక ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది.

ఆఖరి పోకకి అత్తయ్య క్యారేజీ పట్టుకుని పంటు ఎక్కింది. హెడ్‌సెట్లతో పాటు చిన్న ఇంటర్‌కమ్ డబ్బా ఒకటి తెచ్చాను. దానికి తగిలిస్తే రెండు హెడ్‌సెట్ల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. మామయ్యకి ఆ డిప్పలది పెట్టి, గట్టిది నేను పెట్టుకుని, కుడి చెవికి వాల్యూమ్ పెంచి, వినబడుతోందా మామయ్యా అన్నాను. ఇంజను పూర్తి వేగంతో ఉంది. ఆయన తలూపలేదు. మొహం తిప్పి నన్ను చూశాడు.

"నీది అచ్చం మీ అమ్మ గొంతే," అన్నాడు.

అమ్మ పోయి అప్పటికి ఏడేళ్ళు. నా గొంతు ఆయన సరిగ్గా విన్నది ఆ రోజేనని నాకు అప్పుడు తెలిసింది. అక్కడ నిలబడలేకపోయాను. నా హెడ్‌సెట్ తీసి అత్తయ్యకి పెట్టేసి కమ్మీ దగ్గరికి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య ఏదో అడుగుతోంది, ఆయన తలూపకుండా నోరు తెరిచి జవాబు చెబుతున్నాడు. అత్తయ్య మొహం మాడిపోయింది, ఆ వెంటనే పగలబడి నవ్వింది. కూరలో ఉప్పు సరిపోతోందా అని రోజూ అడిగే మాటే అడిగిందట. ఇన్నేళ్ళూ తలూపిన మనిషి ఆ రోజు, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎక్కువేనన్నాడట.

రేవులో దిగుతుంటే ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. ఇంకో హెడ్‌సెట్ కొను, నీ పక్కన కూర్చుని రేవును పైనుంచి చూస్తాను, ఇన్నేళ్ళూ పంటుని తిన్నగా నడిపానో లేదో తెలుస్తుంది అన్నాడు. తన కోసం ఆయన నన్ను ఏదైనా కోరడం అదే మొదలు, అదే చివర.

నాది వారంలో కొన్నాను. ఆయనదాని కోసం మళ్ళీ పట్టిక మొదలుపెట్టాను. ఒక చెవి లేదు కాబట్టి వాల్యూమ్ విడివిడిగా తిప్పేది కావాలి, తల పెద్దది, కళ్ళద్దాలు మందం. ఎనిమిది నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. చూస్తున్నాను మామయ్యా అనేదాన్ని. సరేలే అనేవాడు. ఒక్క అరగంట ఎగరడానికి క్లబ్బువాళ్ళ చిరిగిన హెడ్‌సెట్ ఆయనకి చాలు. నాది ఆయనకిచ్చి ఆ చిరిగినది నేను పెట్టుకున్నా సరిపోయేది. ఇంత చిన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఇప్పుడు క్లాసులో లెక్క మధ్యలో ఉండగా తడుతుంది, సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర అలాగే నిలబడిపోతాను. పిల్లలు నాకు తల తిరుగుతోందేమో అనుకుంటున్నారు.

ఆయన్ని తలుచుకోవడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని నిలబడ్డాను. దాన్ని పాస్టరుగారికే తిరిగిచ్చి వచ్చి కూర్చున్నాను. అప్పుడు చెప్పలేకపోయినవే ఇవి. వచ్చినవాళ్ళందరూ అత్తయ్య దగ్గరికి వెళ్ళి ఏదేదో చెబుతున్నారు. ఆవిడ ఎవరి మాటా వినకుండానే అందరికీ తలూపుతోంది, అచ్చం ఆయనలాగే. జనం పలచబడ్డాక దగ్గర కూర్చుని, ఆయన బదులు నువ్వు నాతో విమానం ఎక్కు అత్తయ్యా అన్నాను.

"నాకెందుకమ్మా విమానాలు? ఆ రెండోది మాత్రం కొను. ఇంకా చూస్తా కూర్చోకు," అంది.

మర్నాడు పొద్దున్నే కొన్నాను. పట్టిక తెరవలేదు.

విమానంలో ఇంటర్‌కమ్‌కి ఒక సంగతి ఉంది. పక్క సీటులో మనిషి లేనప్పుడు అక్కడ హెడ్‌సెట్ తగిలించి ఉంచకూడదు. ఎవరూ మాట్లాడకపోయినా దాని మైకు ఇంజను హోరును పట్టి తెచ్చి మన చెవిలో పోస్తుంది. ఖాళీ సీటుది ముందే పీకెయ్యాలని మాకు మొదట్లోనే నేర్పుతారు. పోయిన నెల అనుమతులన్నీ తీసుకుని, తీరం వెంబడి గోదావరి మీదుగా వెళ్ళే దారి వేసుకుని బయల్దేరాను. ఆయన హెడ్‌సెట్ కుడి సీటు మీద పెట్టి, వైరు తగిలించాను. ఇంజను మొదలవగానే ఆ మైకులోంచి హోరు నా చెవుల్లోకి వచ్చింది.

నరసాపురం దగ్గర కిందికి చూస్తే పంటు సగం నదిలో ఉంది. దాని వెనక నీళ్ళ మీద తెల్లటి దారి. "తిన్నగా లేదు మామయ్యా," అన్నాను, "మధ్యలో సముద్రం వైపు కాస్త వంగింది." ఏరు లాగే చోట ఆ మాత్రం వంపు ఉండాలని, ఆయన ఉంటే అనేవాడు. కుడి సీటులోంచి ఇంజను హోరు తప్ప ఇంకేమీ రాలేదు. వశిష్ఠ దాటిపోయేదాకా ఆ వైరు పీకలేదు.